సగటు గోడకు చెక్క పలకలు

వడ్రంగి సెల్విన్ బూత్రాయిడ్ మా గడప తొక్కేనాటికి మా పిల్లాడి మోకాళ్లు నేలకు తగలక తొమ్మిది రోజులైంది. ఐవర్‌కి పది నెలలు. పాకడం వచ్చిన మర్నాడే గోడలు నాకడం మొదలుపెట్టాడు. హాలిఫాక్స్‌లో మా వీధి ఇళ్లన్నీ నూరేళ్లు దాటినవి. రసాయనశాస్త్రం చదివినవాణ్ని కాబట్టి ఊరుకోలేక గోడ రంగును పరీక్షించాను. అడుగు పొరల్లో సీసం ఉంది. గీకితే విషధూళి లేస్తుంది. గోడ దిగువ భాగాన్ని చెక్క పలకలతో మూసేయడమే మార్గం. అది పూర్తయ్యేదాకా నేనూ నా భార్య రోవెనా వాణ్ని గంటకొకరం చంకలో మోయాలి.

మా వీధిలో సగం ఇళ్ల గోడలకు నడుము ఎత్తున చెక్క అలంకరణ చేసింది సెల్వినే. డెబ్బై ఒక్కేళ్ల మనిషి. టేపు వాడడు. తనంత పొడుగు చెక్క కర్ర ఒకటుంది, దాని మీద ఇంటికో గాటు. ఏ గాటు ఎవరిదో మర్చిపోకుండా పక్కన చాకుతో బొమ్మ చెక్కుకుంటాడు. చేప ఉంటే చేపల కొట్టువాళ్లది. గొడుగు ఉంటే ఎండలోనూ గొడుగు వదలని పక్కింటి పెద్దావిడది.

వచ్చిన వెంటనే పనిలోకి దిగడు. ఇంట్లో ఉన్న కుర్చీల్లోకెల్లా అధ్వాన్నమైనది అడిగి వేయించుకుని, టీ తాగుతూ అరగంట గోడకేసి చూశాడు. ఆ తర్వాత నేను కొలతలతో గీసిన పటం అందుకున్నాడు.

"ఎత్తు నూట పన్నెండు పాయింటు ఆరు సెంటీమీటర్లా! ఇదెక్కడిది అబ్బాయ్?"

"వాడి నాలుక అందే ఎత్తండీ. ఇప్పటిది కాదు, ఆరేళ్లప్పటిది. ఎదుగుదల పట్టిక చూసి లెక్కగట్టాను. మునివేళ్ల మీద లేస్తాడేమోనని కొంచెం కలిపాను."

"పద్దెనిమిదో ఏడు కూడా చూసుకోకపోయావా? పైకప్పు దాకా కొట్టేద్దుం."

రోవెనా నవ్వింది. నేను నవ్వలేదు.

సెల్విన్ కుర్చీని గోడకు జరిపి, దాని వీపుకు పైన బెత్తెడు వదిలి కర్రకు గాటు పెట్టాడు. "ఎత్తు ఇంతే. మా నాన్నా ఇలాగే పెట్టేవాడు. వాడు మూడో ఏటికి గోడలు మానేసి బూట్లు నాకుతాడులే."

పలకలు బిగించడానికి అడ్డపట్టీలు నేను ముందే కోయించి తెచ్చాను. గోడ వెడల్పు నేల దగ్గర 3412 మిల్లీమీటర్లు, మోకాలి ఎత్తున 3421, నడుము ఎత్తున 3398. సగటు 3410.33. ఒక కొస ఆయనా ఒక కొస నేనూ పట్టుకున్నాం. కింద పెడితే చాలలేదు. పైన పెడితే దూరలేదు.

"మీ ఇంట్లో సగటు గోడ ఎటుందో చూపించు, దానికి బిగిస్తా," అన్నాడు.

పై అంచు దగ్గర మళ్లీ పేచీ. నేను మట్టం పెట్టి చూపించాను. ఆయన ఒక దారం నా మట్టం ప్రకారం, ఇంకోటి కిటికీ గట్టు వాలు ప్రకారం కట్టాడు. నా దారం వైపు చూస్తే గది మునిగిపోతున్న పడవలా ఉంది.

"ఇల్లంతా చర్చి వైపు ఒరిగింది కదమ్మా," అన్నాడు రోవెనాతో. "అందులో ఈ ఒక్క చెక్క బుద్ధిగా ఉంటే, వంకర దీనిదే అంటారు."

"వంకరైనా సరే, సందు ఉండకూడదండీ," అన్నాను.

ప్రతి పలకనూ గోడకే ఆనించి, గోడ ఎగుడుదిగుళ్ల వెంట పెన్సిల్ జరిపి, ఆ గీత మీదే కోశాడు. మూడో రోజు సాయంత్రం నేను కాగితం ముక్కతో మూలమూలా వెతికాను. ఎక్కడా దూరలేదు.

"కాగితం దేనికయ్యా, నీ నాలుకే పెట్టి చూడు."

"ఇక దించు, నా చెయ్యి పడిపోయింది," అని రోవెనా పిల్లాణ్ని నాకిచ్చింది. దించి కుర్చీలో కూలబడ్డాను. వాడు పలకలకేసి పాకి, దారిలో నేల మీదున్న సెల్విన్ కర్ర దగ్గర ఆగి, నడిమధ్యన కొరికాడు.

"అయ్యో! ఆ కర్రకు రంగేమైనా..."

"నలభై ఏళ్ల టీ మరకలే."

ఆయన కర్రను మెల్లగా లాగి వెలుతురులో తిప్పి చూశాడు. మా ఇంటి గాటు పక్కనే రెండు చిన్న పళ్ల గుంటలు. బొమ్మ చెక్కడానికి తీసిన చాకు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

"నాకు పని తప్పించాడు," అన్నాడు.

ఈలోగా ఐవర్ కొత్త చెక్కను చేరుకుని, నాలుక చాపి ఒక చివర నుంచి నాకుతున్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.