ఫాతిమా మేడమ్ నేర్పిన ఆకాశం

నిన్న సాయంత్రం మేడ మీద ట్రైపాడ్ కాళ్ళు లాగుతుంటే లోపల ఇసుక కరకరలాడింది. ఎన్నిసార్లు తుడిచినా పోని బాపట్ల సముద్రపు ఇసుక అది. ఆ చప్పుడుకు ఫాతిమా మేడమ్ గుర్తుకొచ్చారు.

రేపల్లెలో ఒక హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరిన కొత్తలో ఆవిడతో పరిచయమైంది. ఆవిడ సైన్సు చెప్పేవారు. ఇద్దరిదీ తెనాలే కాబట్టి సాయంత్రాలు ఒకే రైల్లో తిరిగి వచ్చేవాళ్ళం. ఒకరోజు రైలు కోసం కూర్చున్నప్పుడు, ప్లాట్‌ఫారం రేకుల అంచున సగం చంద్రుడు కనిపిస్తే ఫోనుతో తీశాను. తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాలేదు.

"నా ఫోను మంచిది కాదండి" అన్నాను.

"ఫోనునేం అనకు తల్లీ. చీకట్లో దీపాన్ని తీస్తున్నాననుకుంటున్నావు నువ్వు. చంద్రుడి మీద పడేది ఎండే కదా! ఎండలో ఉన్న గోడను తీస్తున్నాననుకో" అన్నారు మేడమ్.

తెరమీద చంద్రుణ్ణి వేలితో నొక్కించి, వెలుతురు బాగా తగ్గించమన్నారు. ఫోనును బెంచీ అంచుకు ఆనించి, చెయ్యి తగిలి కదలకుండా టైమర్ పెట్టించారు. ఈసారి చంద్రుడి మీది బూడిదరంగు మరకలు కూడా వచ్చాయి. చిన్నపిల్లలా కేక వేశాను. మేడమ్ ఆ ఫోటోను కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. ముచ్చటపడుతున్నారనుకున్నాను.

ఆ చలికాలం ట్రైపాడ్ కొన్నాను. నక్షత్రాలు తీద్దామని ఒక అమావాస్యనాడు ఇద్దరం బాపట్ల వెళ్ళి, సూర్యలంక ఒడ్డున దీపాలకు దూరంగా నిలబడ్డాం. పొద్దుగూకి రెండు గంటలైనట్టుంది.

"గొల్లకావిడి వచ్చిందా? ఒకే వరుసలో మూడు చుక్కలుంటాయి" అని అడిగారు.

నేను ఫోను బిగించే హడావుడిలో ఉన్నాను. "ఎదురుగానే ఉన్నాయి కదండీ, చూడండి" అన్నాను, కొంచెం విసుగ్గానే.

"కనిపించడం లేదమ్మా" అన్నారావిడ. "రెండేళ్ళ నుంచి ఒక్క చుక్కా కనిపించడం లేదు. చూపు ఇంకా తగ్గుతుందన్నారు డాక్టరు గారు. ఇంట్లో కూడా చెప్పలేదు."

సిగ్గుతో ఫోను వదిలేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మూడు చుక్కలు ఎక్కడున్నాయో, వాటికి ఎడమపక్క ఎర్రగా వెలిగేది ఎంత దూరంలో ఉందో చెప్పడం మొదలుపెట్టాను.

"ఎర్రగా అంటే ఎలా? దానిమ్మ గింజలాగానా, నిప్పులాగానా?"

అంత పరీక్షగా నేను చూడనే లేదు. మళ్ళీ తలెత్తి చూసి, "ఆరిపోబోయే నిప్పులాగండి" అన్నాను.

తర్వాత ఫోను కదలకుండా బిగించి, పదిహేను సెకన్లపాటు వెలుగు పట్టనిచ్చి ఫోటో తీశాను. దాన్ని పెద్దది చేసి ఆవిడ ముఖానికి దగ్గరగా పట్టాను. మేడమ్ వేలు తెరమీద మెల్లగా జరిగి మూడు చుక్కల దగ్గర ఆగింది.

"ఉన్నాయే!" అన్నారు.

తిరుగు రైల్లో, ఇంట్లో చెప్పమని బతిమాలాను. మర్నాడే చెప్పారు. తర్వాత రిటైర్మెంటుకు ముందుగానే ఉద్యోగం మానేసి చీరాలలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. నేను పంపిన ఫోటోలను టీవీలో పెద్దగా వేయించుకుని చూసేవారు. చూపు పూర్తిగా పోయాక ఫోన్‌చేసి ఆ రోజు ఆకాశం ఎలా ఉందో నాచేత చెప్పించుకునేవారు. పోయినేడు కన్నుమూశారు.

ఇప్పటికీ ఫోటో తీసేముందు ఆకాశంలో ఏముందో ఉన్నదున్నట్టు పైకి చెప్పుకుంటాను. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో తెలియదు. చెబుతున్నకొద్దీ, అంతకుముందు చూడని చుక్క ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది.