చేతి క్లచ్ జీపుతో పాల్వంచ అడవి అంచుదాకా

మా బావ నాగేశు పదకొండేళ్ళు సైన్యంలో లారీ నడిపాడు. మూడేళ్ళ క్రితం సరిహద్దులో మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. ఇంటికొచ్చాక ఆయనకు దొరికినవన్నీ శాలువాలే. ప్రతి ఆగస్టుకీ, ప్రతి జనవరికీ ఎవరో ఒకరు స్టేజీ ఎక్కించి కప్పుతారు. ఆ స్టేజీ మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉండదు, దిగేటప్పుడు చెయ్యి అందించేవాడు అసలే ఉండడు. స్టీరింగ్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. గాయపడిన మాజీ సైనికులతో మట్టిదారుల్లో జీపు పందేలు నడిపించే ఒక క్లబ్బు భద్రాచలం దారిలో ఎంపిక పోటీ పెడుతోందని ఫోన్లో చూసి, బావ పేరు నేనే రాయించాను. డ్రైవర్లుగా ముగ్గురిని తీసుకుంటారు. అడగగానే బావ సరేనన్నాడు. మూడేళ్ళలో ఆయన దేనికైనా వెంటనే సరేనన్నది అప్పుడే.

నేను సత్తుపల్లిలో మెకానిక్‌ని. బడిలో చదివింది తక్కువ, విప్పి చూసి నేర్చుకున్నదే ఎక్కువ. షెడ్డులో పడున్న పాత డీజిల్ జీపుకు, కాలితో తొక్కే క్లచ్ బదులు గేర్ రాడ్డు పక్కన చేత్తో గుంజే లివర్ పెట్టాను. నెల రోజులు సాయంత్రాలు షెడ్డు వెనక ఖాళీ జాగాలో బావ దానితో సాధన చేశాడు.

ఆదివారం పొద్దున ఐదింటికి బయలుదేరాం. మార్చిన బండికి బావ లైసెన్సు ఇంకా రాలేదు కాబట్టి రోడ్డు మీద నేనే నడిపాను. దమ్మపేట, ములకలపల్లి మీదుగా పాల్వంచకు రెండు గంటలు చాలు, మాకు రెండున్నర పట్టింది. పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యాక పశువులు రోడ్డు మీదే పడుకుని ఉంటాయి, చూసుకుని పోవాలి. ములకలపల్లి దాటాక ఒక ఎత్తులో ఇంజన్ మూలిగింది.

"ఏందిరా, గుంజుతలేదు?" అన్నాడు బావ.

"ఫిల్టర్ జాం అయినట్టుంది బావా."

అబద్ధం. ముందురోజు సాయంత్రం, సాధన అయిపోయాక, యాక్సిలరేటర్ పెడల్ కింద ఒక బోల్టు బిగించాను, సగం కంటే కిందికి దిగకుండా. నన్నెవరూ అడగలేదు. ఆయన జోరుగా పోయి బోల్తా పడితే అక్కకు ఏం చెప్పాలని నాకు నేనే అనుకుని చేసిన పని.

పాల్వంచ బస్టాండు దగ్గర టిఫిన్ చేశాం, ప్లేటు ఇడ్లీ నలభై. హోటలాయన బావ కృత్రిమ కాలు చూసి, సంగతి అడిగి, మేం అడగకుండానే రెండు వడలు తెచ్చి పెట్టాడు, దేశం కోసం కాలిచ్చిన సారు అని అందరికీ వినిపించేలా చెప్పాడు. బావ తలెత్తకుండా, "నేను వడ తిననన్నా" అన్నాడు. ఆయన ఇంట్లో నాలుగు తింటాడు, నాకు తెలుసు.

అక్కడినుంచి భద్రాచలం రోడ్డులో అరగంట పోయి మట్టిదారిలోకి తిరిగితే ఒక జామాయిల్ తోట, దాన్ని ఒరుసుకుంటూ ఒక వాగు. అదే మైదానం. మాజీ సైనికులకు ఉచితం, తోడు వచ్చినవాళ్ళకు భోజనంతో రెండొందలు. పదిమంది దాకా వచ్చారు. ఒకాయనకు కన్ను పోయింది, దారి చెప్పే పని ఆయనది. ఒకాయనకు చేతులు వణుకుతాయి, స్టీరింగ్ పట్టుకుంటే తగ్గుతుందన్నాడు. కాలు ఎలా పోయిందని బావను అక్కడ ఒక్కరూ అడగలేదు. టైర్లో గాలి ఎంత పెట్టావని అడిగారు. బావ చక్రం పక్కన కూర్చుని వాళ్ళతో వాదించడం మొదలుపెట్టాడు. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి.

పక్క గూడెం నుంచి వంటకు వచ్చిన ముత్తమ్మ వాగు చూపించి, "ఆ ఇసుకల ఆగినోడు ఆగినట్టే. ఒక్క ఊపుల పోవాలె అన్నా" అంది. సగమే దిగే పెడల్ గుర్తొచ్చింది నాకు. అయినా బోల్టు తీయలేదు.

నియమం ఇదీ: మూడు చుట్లు, ప్రతి చుట్టులో వాగు దాటాలి. ఇరుక్కుంటే ఒక్కసారి మళ్ళీ ప్రయత్నించొచ్చు, మధ్యలో బండి బాగుచేసుకోవడానికి పది నిమిషాలు. బావ మొదటి చుట్టులోనే, ఇసుకలోంచి గట్టెక్కుతుండగా ఇరుక్కుపోయాడు. ఇంజన్ మూలిగింది తప్ప గుంజలేదు; ధ్యాసంతా క్లచ్ లివర్ మీదే ఉన్న బావ పెడల్ సంగతి గమనించలేదు. తాడుతో లాగారు. పోటీ చూడ్డానికి వచ్చిన ఒక పెద్దమనిషి, చేతిలో శాలువాతో, ఇంతదాకా రావడమే గొప్ప, ఇక చాలన్నాడు. బావ ఆయన వైపు చూడలేదు. క్లచ్ గుంజే తన ఎడమ చేతి వైపు చూసుకున్నాడు.

"నా చెయ్యే లేటయిందిరా. ఇంటికి పోదాం పా."

అప్పుడు చెప్పాను. "చెయ్యి కాదు బావా. పెడల్ కింద నేను బోల్టు పెట్టిన."

"మీ అక్క చెప్పిందా?"

"లేదు. నేనే."

సీటు కింది స్పానర్ తీసి నా చేతిలో పెట్టాడు. తిడితే బాగుండుననిపించింది.

"నువ్వు గూడ శాలువా కప్పినవ్ రా," అన్నాడు. "తీయ్. ఆరు నిమిషాలే ఉన్నయ్."

నాలుగు నిమిషాల్లో తీశాను. ఈసారి మూడు చుట్లలోనూ బావ ఒక్క ఊపులో గట్టెక్కాడు. మూడోసారి ముత్తమ్మ గరిటె పట్టుకునే గట్టు మీదికి వచ్చి చూసింది. కానీ ఇరుక్కున్నప్పుడు పోయిన సమయం తిరిగి రాదు. ముగ్గురిని తీసుకున్నారు, బావ నాలుగోవాడు. ఎవరైనా రాలేకపోతే పిలుస్తామని, నెలనెలా సాధనకు మాత్రం రమ్మని చెప్పారు. తిరుగు దారిలోనూ నేనే నడిపాను. ములకలపల్లి ఎత్తు దగ్గర బావ అన్నాడు: "స్టెప్నీ గూడ బండిలనే ఉంటదిరా. ఆ బోల్టు ఇటియ్యి, మీ అక్కకు చూపియ్యాలె."

ఇలాంటి పోటీలు కాలు తిరిగి తెచ్చివ్వవు. ఓడిపోయే హక్కు ఇస్తాయి, ఓడితే తప్పు చేతిదా బండిదా అని వెతుక్కోనిస్తాయి. శాలువా ఆ పని చెయ్యదు. ఆ సంగతి తెలుసని ఎగిరినవాణ్ణి నేను, ఆయన సీటు పోగొట్టింది కూడా నేనే. ఇలాంటి ప్రయాణానికి బండి సిద్ధం చేసుకునేవాళ్ళకు ఒక్క మాట: నడిపే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పని చెయ్యండి, ఆయన చూడకుండా ఒక్క నట్టు కూడా బిగించకండి.