పూజ చేసిన మోటారుతో ఆండిపట్టి చెరువుకు

నీళ్ళమీద తేలుతూ చేపలు పట్టడానికి ఆండిపట్టి వైపు పోదామనుకునేవారికి ముందుగా ఒక మాట: మా బావతో మాత్రం పోకండి.

మా పట్నంలోని ఆర్.ఎస్. పురంలో ఆయనకు పంపు మోటార్ల కొట్టు ఉంది. అందుచేత లోకంలో తనకు తెలియని మోటారు లేదని ఆయన నమ్మకం. మొన్న ఆడి మాసంలో, అంటే మన ఆషాఢంలో, తేలే ట్యూబు ఒకటి తెప్పించాడు. లారీ ట్యూబుకు సీటు కుట్టినట్టుంటుంది. కూర్చుంటే కాళ్ళు నీళ్ళలో వేలాడతాయి. తన్నుకుంటూ పోవడానికి రబ్బరు రెక్కల చెప్పులు తొడుక్కోవాలి. బావకు తన్నుకోవడం నామోషీ. వెనక బ్యాటరీ మోటారు బిగించాడు.

బావకు ఈత రాదు. "నువ్వూ రా తమ్ముడా, ఆయన్ని ఒంటిగా పంపేదానికి భయంగా ఉండాది" అని అక్క నన్ను లాగి, తీరా తానూ బయలుదేరింది.

తెల్లవారుజామున తేని బస్సెక్కాం. కండక్టరు బ్యాటరీకి ఒకటి, ట్యూబుకు ఒకటి టికెట్లు కొట్టాడు. పళనిలో ఇడ్లీ తిన్నాం, సాంబారు బాగుంది. పక్క సీటు పెద్దాయన మోటారు తడిమి, బోరు ఎంత లోతని అరవంలో అడిగాడు.

"బోరుకు కాదుంగ, నాకు" అన్నాడు బావ.

తేనిలో బస్సు మారి, మధ్యాహ్నానికి ఆండిపట్టి దగ్గర మా చిన్నమామయ్య ఊరు చేరాం. ఆయన పత్తి రైతు. కోడికూర వడ్డిస్తూనే చెప్పాడు.

"ఆడి గాలికి నూరే అమ్మిబండే ఎగురును. చేలకని తూము కూడా తెరిచుండారు. ఈ పొద్దు వేండాం, పోవద్దు అల్లుడా."

"మోటారుండాది కదా మామా."

ఆడిలో కొత్తది మొదలుపెట్టకూడదు కనుక దోషం పోవాలని చెరువు గట్టుమీద పూజ జరిగింది. ట్యూబుకు పసుపు కుంకుమ, మోటారు మెడలో బంతిపూల దండ. చివర అక్క రెక్కల చెప్పులు అందించింది.

"పూజ చేసినదాంట్లో చెప్పుకాళ్ళతో కూర్చునేదా?" అని బావ వాటిని గట్టునే వదిలేశాడు. లైఫ్ జాకెట్ మాత్రం ఫోటోకు బాగుంటుందని తొడుక్కున్నాడు.

మోటారు చక్కగా పనిచేసింది, అది చెప్పకపోతే అన్యాయం. బావ గాలివాటున జోరుగా పోయాడు. ముందు గాలికి ఎదురు పోవాలి, వచ్చేటప్పుడు గాలివాటున రావాలి అని పెట్టెలోని కాగితంలో ఉంది. కానీ కొట్టు యజమాని అలాంటి కాగితాలు కొనేవాళ్ళకిస్తాడే గాని తాను చదవడు. చెరువు నడుమ దండ జారి నీళ్ళలో తిరిగే మోటారు ఫ్యానుకు చుట్టుకుంది. మోటారు మూలిగి ఆగిపోయింది. గాలి ఆయన్ని తూమువైపు నెట్టసాగింది. అక్కడ నీళ్ళు సుడి తిరుగుతూ లోపలికి పోతున్నాయి. బావ ఉత్త పాదాలతో ఎంత తన్నుకున్నా ట్యూబు గుండ్రంగా తిరిగిందే గాని వెనక్కి రాలేదు. అప్పటిదాకా నవ్వుతున్న నేను బ్యాటరీ కట్టి తెచ్చిన తాడు అందుకున్నాను.

దండ లాగడానికి ఆయన ఫ్యానులోకి చెయ్యి పెట్టబోయాడు.

"ముందు వైరు ఊడదీయండి" అని అరిచింది అక్క. అక్క అలా అరవగా నేనెన్నడూ వినలేదు.

మామయ్య తూము మూయడానికి పరుగెత్తాడు. నేను ఆ చెప్పులే తొడుక్కుని, నడుముకు తాడు కట్టుకుని, కొన అక్క చేతికిచ్చి దూకాను. ఆ రెక్కలు లేకపోతే ఎదురుగాలిలో ఆయన్ని వెనక్కి లాగడం నా తరమయ్యేది కాదు.

మరునాడు తిరుగు బస్సులో బావ చుట్టూ నలుగురు చేరారు. "పూజ చేసినందుకే బతికినాను" అన్నాడు. అందరూ అవునన్నారు. నాకు ఒళ్ళు మండింది.

అక్క మాత్రం సంచిలోంచి రెక్కల చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుంకుమ పొట్లం విప్పి ఒక్కోదానికి బొట్టు పెట్టింది.

"ఇప్పుడు ఇవీ పూజ చేసినవే. ఇంక నీళ్ళలో వీటిని విప్పితేనే దోషం" అంది.

బావ రెండు చేతులా ఆ చెప్పులు అందుకుని కళ్ళకద్దుకున్నాడు.