మార్సెల్ గారి ఓడ గుర్తు చొక్కా

ఫ్రాన్సులోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్రను నేను ఒంటిచేత్తో, కచ్చితంగా చెప్పాలంటే ఒక్క వేలితో, పాడుచేశాను. క్లబ్బు పేరు చెప్పను. చెబుదామన్నా నాకు నోరు తిరగదు. ఆ దేశం ఇప్పటికీ చూడలేదు. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా గోల్ పడితే అరవాలని. ఇంత తక్కువ సరంజామాతో అంత నాశనం ఎలా చేశానో వినండి. నవ్వండి, కానీ మరీ పడీ పడీ నవ్వకండి.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. న్యూజీలాండ్‌లోని హామిల్టన్‌లో కంప్యూటర్ చదువు ముగించి, దానికి తగ్గ ఉద్యోగం దొరక్క, ఆక్లండ్ శివారు మనురేవాలో స్కూల్ యూనిఫారాల మీద బ్యాడ్జీలు కుట్టే షాపులో చేరాను. బొమ్మను కంప్యూటర్లో కుట్లుగా మార్చి మెషీన్‌కి ఇవ్వడం నా పని. ఆ పక్కనే టకానినిలో లక్ష్మి ఆంటీ వాళ్ళింట్లో ఒక గదిలో ఉండేవాణ్ణి. మా ఊరు కాకినాడ వెళ్ళి మూడేళ్ళయింది. రెసిడెన్సీ వచ్చేదాకా కదలకూడదని నాకు నేనే పెట్టుకున్న శిక్ష అది. ఆ మూడేళ్ళలో నా బెంగ ఎంత ముదిరిందంటే, ఊరినుంచి ఎవరైనా వస్తే ముందు వాళ్ళ సూట్‌కేసు వాసన చూసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మార్సెల్ గారు షాపుకొచ్చారు. డెబ్బై దాటిన ఫ్రెంచి పెద్దమనిషి. పడవలు బాగుచేసే పని మీద వయసులో ఉండగా ఇక్కడికి వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. కాగితం పొట్లం విప్పి, బాగా ఉతికిన పాత పంచెలా మెత్తబడిన తెల్ల నూలు చొక్కా ఒకటి నా ముందు పరిచారు.

"మా నాన్నది. మా ఊరి క్లబ్బు మొదటి జట్టులో ఆడాడు. గుండె మీద క్లబ్బు గుర్తు ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికే ఊడిపోయింది. మళ్ళీ కుట్టాలి."

"ఏం గుర్తు సర్?"

ఆయన ఒక ఫోటో తీశారు. నలుపు తెలుపుల్లో పదకొండు మంది, పదకొండు మీసాలు. చొక్కాల మీద ఓడలాంటిదేదో మసకమసగ్గా ఉంది.

"మూడు తెరచాపల ఓడ. పక్క ఊరి క్లబ్బుతో కలిసినప్పుడు రెండు తెరచాపలు తీసేసి అక్షరాలు పెట్టారు. తర్వాత వచ్చిన అధ్యక్షుడికి పక్షులంటే ఇష్టం, సముద్రపు కాకిని పెట్టాడు. ఇప్పుడేముందో తెలుసా? ఒక నీలం గీత! అల అట. ఓడ మునిగిపోయింది, అల మిగిలింది."

నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు.

"శనివారం మా తమ్ముడు రెనే వస్తున్నాడు. వాణ్ణి చూసి ఇరవై ఏళ్ళయింది. ఎయిర్‌పోర్టులో ఈ చొక్కాతో కనిపించాలి. ముఖం గుర్తుపట్టకపోయినా ఓడను గుర్తుపడతాడు."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. నాదీ రేవు ఊరే కదా. భోజనం మానేసి మరీ ఆ ఓడ గీశాను. తెరచాపలు, తాళ్ళు, కొయ్యమేకులు కూడా. గురువారానికి నీలం దారంతో ఓడ ఆ గుండె మీద తేలింది. ఇస్త్రీ చేయడానికి చొక్కా ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక్కడే ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆ ఓడను చూస్తుంటే, కొత్త బట్టకు మా అమ్మ పసుపు పెట్టి చేతికివ్వడం గుర్తొచ్చింది. మూడేళ్ళుగా నా చొక్కాలకు ఆ భాగ్యం లేదు. కళ్ళు చెమర్చాయి. బుర్ర పనిచేయడం మానేసింది. ఆంటీ వంటింట్లోంచి చిటికెడు పసుపు తెచ్చి, నీళ్ళతో తడిపి, ఎవరికీ కనపడకుండా చొక్కా లోపలివైపు, సరిగ్గా ఓడ వెనకాల పెట్టాను.

పాత నూలుబట్ట దేన్నీ దాచుకోదు. నేను దణ్ణం పెట్టి కళ్ళు తెరిచేసరికి పసుపు ఇవతలికి వచ్చేసి, తెరచాప పక్కన రూపాయి బిళ్ళంత మచ్చై నన్నే చూస్తోంది.

పరిగెత్తి సబ్బు రుద్దాను. అది ఎర్రబడింది. ఇంకా రుద్దాను. ఇంకా ఎర్రబడింది.

"ఆంటీ!"

ఆంటీ వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "సబ్బెట్టేశావా? పసుపులో సున్నం కలిపితే పారాణవుద్దని తెలీదంట్రా నీకు? సబ్బైనా అంతే! అయినా పాత బట్టకి పసుపేంట్రా?"

"గుర్తు కొత్తది కదా ఆంటీ."

"కొత్తదీ లేదు, నీ మొహం లేదు. గట్టి ఎండలో ఆరేస్తే పోద్దిలే."

ఆక్లండ్‌లో గట్టి ఎండట! శుక్రవారమంతా వాన. హీటర్ ముందు ఆరబెట్టి, అర్ధగంటకోసారి వెళ్ళి ఆ మచ్చను బతిమాలాను. చివరికది ఎరుపూ పసుపూ కాని రంగులో గుండ్రంగా స్థిరపడిపోయింది.

శనివారం పొద్దున్న షాపు తెరవగానే మార్సెల్ గారు వచ్చారు. తల దువ్వుకున్నారు, షూ పాలిష్ చేసుకున్నారు. చొక్కా అందుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఇదేమిటి?"

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు.

"సూర్యుడు సర్," అంది నా నోరు. "పరిశోధన చేశాను. మొదటి గుర్తులో ఓడ పక్కన ఉదయించే సూర్యుడు ఉండేవాడు."

"మా ఊరికి సముద్రం పడమర వైపు కదా?"

"అయితే అస్తమించే సూర్యుడు సర్."

ఆయన ఆ మచ్చను బొటనవేలితో ఒకసారి తడిమారు. తర్వాత ఆ చొక్కా తొడుక్కుని, నా భుజం తట్టి వెళ్ళిపోయారు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఒక మనిషికి తండ్రి జ్ఞాపకంగా మిగిలిన ఒకే ఒక్క బట్ట మీద పసుపు పూసింది చాలక, అబద్ధం కూడా పూశాను.

మూడు నెలల తర్వాత ఆయన మళ్ళీ వచ్చి కౌంటర్ మీద ఒక ఫోటో పెట్టారు. గోడ మీద అద్దాల చట్రం, అందులో మన చొక్కా.

"తమ్ముడు తీసుకెళ్ళి క్లబ్బుకిచ్చాడు. మొదటి గుర్తు ఇదేనని కింద రాసిపెట్టారు. ఓడ, అస్తమించే సూర్యుడు."

"సర్, అది సూర్యుడు కాదు. పసుపు. మా ఇళ్ళల్లో కొత్త బట్టకు పెడతాం. నేనే పెట్టాను. క్షమించండి."

"తెలుసు."

"తెలుసా?"

"ఆ రోజు కారులో హీటర్ వేశాను. ఎయిర్‌పోర్టు దాకా కూర వాసనే."

"మరి మీ తమ్ముడికి చెప్పలేదేం సర్?"

ఆయన ఫోటోను చేతిలోకి తీసుకున్నారు. "చొక్కా చూడగానే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. 'ఈ సూర్యుడు నాకు బాగా గుర్తు, నాన్న నన్ను ఎత్తుకున్నప్పుడు నా చెంపకు తగిలేవాడు' అన్నాడు. నాన్న పోయేనాటికి వాడికి రెండేళ్ళు. వాడికి నాన్న గురించి గుర్తున్నది ఆ ఒక్కటే. అది కాదని నేనెలా చెప్పను?"

ఇద్దరం ఫోటోలోని ఆ గోడ వంక చూశాం. ఇంటికి వెళ్ళలేక నేనింకా మనురేవాలోనే ఉన్నాను. నా వేలి పసుపు మాత్రం ఫ్రాన్సు దాకా వెళ్ళి, ఎవరికో తండ్రి చొక్కా మీద సూర్యుడైంది.

కాబట్టి పాఠకులారా, తూర్పుకు తిరిగి, చేతులు కడుక్కుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ దేశపు ఏ క్లబ్బు చొక్కాకూ పసుపు పెట్టను. తప్పనిసరై పెట్టాల్సి వస్తే, ముందుగా ఆ ఊరికి సముద్రం ఏ వైపు ఉందో కనుక్కుంటాను.