సంపు మూత

చిక్కడపల్లిలో మేం కిరాయికున్న ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ అపార్టుమెంటు లేచిందనీ, కింద మందుల దుకాణం పెట్టారనీ మా ఆవిడ చెప్పింది. నాకు మాత్రం ఆటో ఆ గల్లీలోకి తిరగగానే ధబ్బుమని ఒక చప్పుడు వినిపిస్తుంది. అది నేను చేసిన సంపు మూత పడే చప్పుడు. తొంభైల నాటి మాట.

చూపున్న రోజుల్లో నేను ఉలి ముట్టిన పాపాన పోలేదు. చూపు పోయి, ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా కుదిరాక ఒకసారి మంచం కోడు ఊగుతోందని వడ్రంగిని పిలిపించాను. అతను వస్తూనే మా ఆవిడతో, "అమ్మా, సార్‌ను జర పక్కకు కూసోబెట్టుండ్రి, ఏమన్న తగుల్తది" అన్నాడు. నా ఇంట్లో, నా మంచం పక్కన, నన్ను! అతను బిగించిన కోడు దీపావళి రాకముందే మళ్లీ ఊగింది. ఆ మాట మాత్రం ఇప్పటికీ ఊగలేదు, బిగిసే ఉంది.

ఆ ఆదివారమే సుల్తాన్ బజార్ వెళ్లి రంపం, ఉలి, చెక్క నునుపు చేసే రంద కొన్నాను. దుకాణదారు నా చేతిలోని ఉలిని తీసుకుని మా ఆవిడకిచ్చి, "సార్‌కు ఎంత సైజుది గావాల్నమ్మా?" అని అడిగాడు. "సార్‌కు నోరుంది" అన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

పని నేర్చుకోవడంలో నాకు గురువులెవరూ లేరు. పెన్సిలు గీత నాకు పనికిరాదు కాబట్టి చాకు మొనతో గీసేవాణ్ణి. వేలిగోరు ఆ గీతలో పడితే చాలు, రంపం దారి తప్పదు. రంద సరిగ్గా నడుస్తుంటే పొడుగ్గా, తెగకుండా చీరినట్టు చప్పుడొస్తుంది. చెక్క ఎదురు తిరిగితే గరగరమంటుంది. అరచెయ్యి ఆనిస్తే ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో తెలిసిపోతుంది. మంచం కోడు, వంటింటి అలమర తలుపు, కిటికీ రెక్కలు అన్నీ ఒకటొకటిగా నా చేతికిందకి వచ్చాయి. సాయంత్రాలు వరండాలో టేకు పొట్టు వాసన, పక్కింటి రేడియో, మార్కెట్ వైపు నుంచి కూరగాయల బండ్ల కేకలు... ఆ వాసనకి నేను ఇప్పటికీ మొహం వాచిపోయి ఉన్నాను.

ఆ ఇంట్లో మూడు పోర్షన్లు. ముందు భాగంలో ఇంటి ఓనరమ్మ ఒక్కతే ఉండేది. మధ్యలో మేం. వెనక గదిలో పాలమూరు నుంచి వచ్చి సెంట్రింగ్ పని చేసుకునే అతనూ, అతని భార్యా. అందరికీ కలిపి వాకిట్లో నేలలోకి కట్టిన సంపు ఒక్కటే. మోటారు ఎప్పుడో కాలిపోయింది. ఎవరికి వాళ్లు బకెట్టు దించి తోడుకోవాల్సిందే. దాని మీద మూత పేరుతో ఒక తుప్పు పట్టిన రేకు ఉండేది. నీళ్లు తోడుకున్నవాళ్లు దాన్ని గోడకి నిలబెట్టి వెళ్లిపోయేవాళ్లు. "మూత వేయండి, నేను నడుస్తుంటాను" అని ఎన్నిసార్లు చెప్పానో. "అయ్యో సారూ, ఇప్పుడే ఏస్త" అనేవాళ్లు.

ఒకరోజు పొద్దున పళ్లు తోముకోడానికి వాకిట్లోకి వెళ్తుంటే నా కుడికాలు గాల్లోకి దిగింది. పడుతూ పడుతూ గట్టు పట్టుకున్నాను. మోకాలి కింద చర్మం లేచిపోయింది. బ్రష్షు నీళ్లలో పడిపోయింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. అందరూ నన్నే తిట్టారు! మూత తీసిపెట్టినవాళ్లని ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట అనలేదు. వెనక గది అతని భార్య, "నేనే తీసిపెట్టిన సారూ, చాయ్ పొంగుతుంటే ఉరికిన" అని ఏడ్చింది. అయినా తిట్లు నాకే.

ఓనరమ్మ అక్కడే నిలబడి మా ఆవిడతో అంది. "రేపు సారు ఈ సంపుల పడ్డడనుకో, పోలీసులు ఎవరింటికొస్తరు? నా ఇంటికే వస్తరు. మేడ మీద ఇల్లెక్కడన్న జూసుకోండ్రి. ఇది ఆషాఢం, ఇల్లు మారొద్దు గాబట్టి ఊకుంటున్న. శ్రావణం రాంగనే ఖాళీ చేయుండ్రి."

మేడ మీది ఇల్లంటే నాకు జైలే. ఆ గల్లీలో నేను ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగేవాణ్ణి. పిండిమర చప్పుడు దగ్గర ఎడమకి తిరిగితే ఇల్లు, ఇస్త్రీ బండి వేడి తగిలితే బస్టాపు దగ్గరకొచ్చినట్టు. అవన్నీ నేను ఏళ్ల తరబడి నేర్చుకున్నవి. అవి పోతే మళ్లీ మా ఆవిడ మోచెయ్యే గతి.

"అశోక్‌నగర్‌లో చూద్దామండీ" అంది మా ఆవిడ.

"సంపు తప్పుకి నేనెందుకు పోవాలి? సంపునే మారుస్తాను" అన్నాను.

మూత తీసిపెట్టింది వాళ్లే కాబట్టి చెక్కలు కూడా అతనే తేవాలని వెనక గది అతని దగ్గర పట్టుబట్టాను. పాపం, మేస్త్రీని అడిగి పాత సెంట్రింగ్ పలకలు నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. "సిమెంటు అంటుకున్నది సారూ, రంద ఖరాబైతది" అన్నాడు. అయింది కూడా. గోకి గోకి, రంద బ్లేడు నూరి నూరి, వరండాలో పలకలు జోడించాను. సంపు గట్టు లోపలి అంచుని వేళ్లతో తడిమి, గోరు కూడా దూరనంత బిగువుగా మూత కోశాను. దించితే సీసా బిరడాలాగా కూర్చుంది. ఆ పూట నాకు గర్వంతో అన్నం సయించలేదు.

రాత్రి వాన పడింది. తెల్లారి చూస్తే మూత రాలేదు. కింద నీళ్ల చెమ్మ, పైన వాన, చెక్క ఉబ్బిపోయింది. చెక్క ఉబ్బుతుందని నాకు తెలియక కాదు. ఎవరూ వేలెత్తి చూపకూడదన్న పట్టుదలలో సందు వదల్లేదు. ముగ్గురం పట్టి లాగినా కదల్లేదు. పొయ్యి మీద పెట్టడానికి కూడా ఎవరింట్లోనూ నీళ్లు లేవు.

"సంపుకు మూత ఏస్తనంటివి, సమాధి కట్టినవ్ గద సారూ!" అంది ఓనరమ్మ. గల్లీలో ఎవరో నవ్వారు. ఎవరో నాకు గొంతు పట్టి తెలుసు.

వెనక గది అతను గడ్డపారతో పైకి లేపాడు. ఒక మూల విరిగింది. ఆ మూల అతికించి, ఈసారి చుట్టూ అగ్గిపుల్ల దూరేంత సందు వదిలాను. గోడవైపు మడతబందులు బిగించాను. గోడకి మాత్రం ఒక చెక్క దిమ్మ కొట్టాను, మూత పూర్తిగా వెనక్కి వాలకుండా. దాన్ని గోడకి ఆనించి వెళ్లిపోదామంటే కుదరదు. నీళ్లు తోడినంతసేపు భుజానికి ఆనించుకోవాలి. భుజం తీస్తే దానంతటదే ధబ్బున పడుతుంది.

ఇక ఇల్లంతా నా మీద పడింది. "ఇదేం మూత సారూ, మేకపిల్లను మోసినట్టు మొయ్యాల్నా?" అని వెనక గది ఆవిడ. "నా నడుము పోతది" అని ఓనరమ్మ. మా ఆవిడ కూడా వాళ్లవైపే. నేను దిమ్మ తియ్యలేదు.

శ్రావణం వచ్చింది. ఓనరమ్మ ఖాళీ చేయమనలేదు, ఉండమనీ అనలేదు. నాకు నిద్ర పట్టేది కాదు. పైగా కొత్త గోల మొదలైంది. పొద్దున నేను బ్రష్షు పట్టుకుని వాకిట్లోకి అడుగు పెట్టగానే మూత ధబ్బుమనేది. రోజూ అదే వరస. ఓనరమ్మే నా మీద కసి తీర్చుకుంటోందని పళ్లు కొరికేవాణ్ణి.

ఒకరోజు మా ఆవిడతో అన్నాను. "నేను రాగానే ఆవిడకి నీళ్లు కావాల్సొస్తాయేం?"

"ఆవిడ నీళ్లేమీ తోడట్లేదండీ. చేతిలో బకెట్టు కూడా లేదు. మీ చెప్పుల చప్పుడు వినగానే వచ్చి మూత కాస్త ఎత్తి వదిలేస్తోంది."

అప్పుడర్థమైంది. మూత వేసే ఉందని నాకు వినిపించడానికి. అది నోటితో చెబితే ఆమె సొమ్మేం పోయేది?

మర్నాడు ధబ్బుమనగానే అక్కడే నిలబడి గట్టిగా అన్నాను. "అమ్మా, రోజూ ఇట్లా ఎత్తి పడేస్తే మడతబందులు ఊడిపోతాయి."

ఆమె అప్పటికే వెనక్కి తిరిగి తన గుమ్మం ఎక్కుతోంది. అక్కణ్ణుంచే అంది.

"ఊడితే మీరున్నరు గద, బిగించనీకి."