నీలిమందు మరకల తాడు

మా ఆయన ఎత్తు మీద పనిచేస్తుంటే కింద నిలబడి చూడలేను, ఇంట్లో కూర్చోనూ లేను. డెబ్భైల్లో, కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషను కడుతున్న రోజుల్లో, ఆయన అక్కడ ఇనుప పని చేసేవారు. సోమవారం పొద్దున్నే పటమటలో బస్సెక్కితే మళ్లీ శనివారం సాయంత్రమే ఇంటికి రావడం. మధ్య రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. వీధిలో సైకిలు ఆగిన చప్పుడైతే చాలు, సైటు నుంచి చెడు కబురేమోనని తింటున్న కంచం ముందునుంచి లేచిపోయేదాన్ని. అయినా సైటులో నడుముకి బెల్టు, బెల్టుకి కొక్కెం ఉండేవి. కొక్కెం తగిలించకపోతే మేస్త్రీ కిందకి దింపేసేవాడు. అందుకని అక్కడ కాస్త నయం. నా దిగులంతా మా పేట చర్చితోనే.

ఏటా డిసెంబరు మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక చర్చి గోపురం మీద నక్షత్రం కట్టడం ఆయన వంతు. వెదురుబద్దల చట్రం, ఎర్ర కాగితం, లోపల బల్బు. గోపురం మూడు మేడల ఎత్తు. అంత ఎత్తుకీ ఉత్త చేతులతో ఎక్కేవారు. చెప్పులతోపాటు జాగ్రత్తని కూడా చర్చి గుమ్మం దగ్గరే విడిచేవారు.

"ప్రభువు పనికి వెళ్తూ తాడు కట్టుకుంటే ఆయన్ని నమ్మనట్టు కాదూ?" అనేవారు. పేటలో పెద్దలదీ అదే వరస. తాడు కట్టుకుని ఎక్కినవాణ్ణి అల్పవిశ్వాసి అని ఏడిపించేవాళ్లు.

"మరి సైటులో ప్రభువు ఉండడా? అక్కడ బెల్టెందుకు?" అని నేను నిలదీసేదాన్ని.

"అక్కడ మేస్త్రీ ఉంటాడే," అని నవ్వేసేవారు.

ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది. ఇంట్లో తాడు లేదా అంటే, బయటి పనులకి పనికొస్తుందని బందరులో కొన్న మనీలా నార తాడు వసారాలో మేకుకి వేలాడుతూనే ఉంది. నాలుగేళ్లు పోరాను. ఐదో ఏడు అన్నం మానేశాను. రెండు పూటలకే దిగొచ్చారు.

"సరేలేవే, నీకోసం కట్టుకుంటా. నలుగురూ నవ్వితే నీదే పూచీ."

ఎంత గెలిచాననుకున్నానో చెప్పలేను.

ఆ ఆదివారం మధ్యాహ్నం జనమంతా చర్చి ముందు తలలెత్తి నిలబడ్డారు. ఆయన తాడు ఒక కొస నడుముకి, రెండో కొస గోపురం మీది శిలువ మొదట్లో ఉన్న ఇనుప కమ్మీకి కట్టుకున్నారు. "ఏం, ఇవాళ ప్రభువు పట్టుకోనన్నాడా?" అని ఎవరో కింద నుంచి ఎగతాళి చేశారు. వాడి వంక కొరకొరా చూసి మళ్లీ పైకి చూశాను. ఎండలో తాడు మీద అక్కడక్కడా నీలం మరకలు కనిపించాయి.

నీలిమందు మరకలు.

వానాకాలంలో మా దండెం తెగింది. కొత్తది కొనేదాకా అనుకుని ఆయన తాడు తీసి కట్టాను. ఆయన బస్సెక్కగానే కట్టడం, శనివారం వచ్చేలోపు విప్పి, తడిగా ఉన్నదాన్ని అలాగే చుట్టి మేకుకి తగిలించడం. నీలిమందు పెట్టిన పంచెలన్నీ దానిమీదే ఆరాయి. తాడు మాత్రం మూడు నెలలు సరిగ్గా ఆరలేదు. ఒకసారి పీచు నా అరచేతిలో రాలింది కూడా. బట్టలు మోస్తోంది కదా, చాల్లే అనుకున్నాను. గెలిచిన సంబరంలో ఆ సంగతే గుర్తు రాలేదు. సైటులో అయితే ఆయన ప్రతి తాడూ లాగి చూసేవారట. ఇది నా మాట చెల్లించడానికి కట్టుకున్నది, చూడలేదు.

ఏటా ఒక చేత్తో శిలువని వాటేసుకుని, రెండో చేత్తో నక్షత్రం కట్టేవారు. ఆ రోజు రెండు చేతులూ వదిలేసి, తాడు మీద వెనక్కి వాలి, నింపాదిగా ముడి వేస్తున్నారు. అరిస్తే ఉలిక్కిపడతారు. ఊరుకుంటే ఏమవుతుందో ఆలోచించలేకపోయాను. చెబితే నా నిర్వాకం నలుగురిలో బయటపడుతుందన్న సిగ్గు కూడా ఆ క్షణంలోనే వచ్చింది, దాచడమెందుకు. అన్నానికి పిలిచే గొంతుతోనే, కాస్త పెద్దగా అన్నాను.

"ఏవండీ, శిలువ పట్టుకోండి. తాడు మంచిది కాదు. నేను దానిమీద బట్టలారేశాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. మెల్లిగా ఒక చెయ్యి చాచి శిలువని అందుకున్నారు, తర్వాత రెండోది. తాడు విప్పుకుని, నక్షత్రాన్ని వంకరగా ఒక్క కట్టుతో వదిలేసి దిగారు.

నేల మీదకి వచ్చాక ఒక కొస కాలికింద తొక్కిపట్టి గట్టిగా లాగారు. రెండో లాగుకే తెగింది. లోపలి పీచంతా నల్లగా కుళ్లి ఉంది. ఇక ఎవరూ నవ్వలేదు. నేను ఏడుస్తున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"ఇన్నేళ్లూ తాడు లేదు కాబట్టి గట్టిగా పట్టుకున్నాను," అన్నారు. "ఇవాళ నువ్వు కట్టుకోమన్నావని వదిలేశాను."

మరుసటి ఆదివారం కొత్త తాడు తెచ్చి నా చేతిలో పెట్టారు. "ముందు నువ్వు లాగు," అన్నారు. ఎగతాళి కాదు. చర్చి గుమ్మానికి కాలు తన్నిపెట్టి, అరచేతులు మండేదాకా లాగాను. ఆ తర్వాత ఏటా నేను లాగితేనే ఆయన ఎక్కేవారు. "సరిపోయిందా?" అని అడిగేవారు. సరిపోయిందనే చెప్పేదాన్ని. ఆయన మళ్లీ నేల మీద కాలు పెట్టేదాకా ఆ మాట నేను ఒక్కసారీ నమ్మలేదు.