ఫిర్దౌస్ టీచర్, లావు టైర్ల సైకిల్

తాండూరులో ఫిర్దౌస్ టీచర్ ఇంటి ముందు ఆ వారమంతా రెండు సైకిళ్లు నిలబడి ఉన్నాయి. ఒకటి సన్నగా, తేలిగ్గా, చూడగానే ఎక్కి పోవాలనిపించేలా ఉంది. రెండోదాని టైర్లు చూస్తే మాత్రం స్కూటర్‌వి ఊడదీసి బిగించారేమో అనిపిస్తుంది. రెండూ కొండబాటల కోసం చేసినవే. ముందు చక్రానికి కుదుపులు మింగే షాకర్ ఉంటుంది, వెనక ఉండదు. ఇలాంటివాటిని హార్డ్‌టెయిల్ అంటారు.

ఇవి వికారాబాద్‌లో ఉండే ఆమె స్నేహితురాలు అశ్విని వాళ్ల తమ్ముడు హరీష్‌వి. హైదరాబాద్‌లో చిన్న ఫ్లాట్‌కు మారుతూ, "అక్కా, రెండూ నడిపి చూడు. ఏది నచ్చితే అది ఉంచుకో, రెండోది ఇంకెవరికన్న ఇచ్చేస్త" అని పంపించాడు.

వాడకట్టంతా తీర్పులు చెప్పింది. పక్కింటి మొగులమ్మ లావు టైర్ల చుట్టూ ఒకసారి తిరిగి, "టీచరమ్మా, దీనికి ఇంజన్ ఏడ పెట్టిన్రు?" అని అడిగింది. కూతురు ఇక్రా అయితే, "అమ్మీ, సన్నదే ఉంచుకో. లావుదాని మీద సర్కస్ల ఎలుగుబంటి లెక్కున్నవ్" అని పడీ పడీ నవ్వింది.

ఫిర్దౌస్ కూడా నవ్వింది గానీ, ఆమె మనసులో ఉన్నది అందం సంగతి కాదు.

కొడంగల్‌లో చిన్నప్పుడు వాళ్ల నాన్న సైకిల్ అడ్డకడ్డీ కింది నుంచి కాలు దూర్చి, కైంచీ తొక్కుతూ వీధులన్నీ తిరిగిన పిల్ల ఆమె. తొమ్మిదో తరగతికి వచ్చాక, ఎవరూ వద్దనకపోయినా, ఎందుకో మానేసింది. బీఎడ్‌లో కలిసి చదువుకున్న అశ్విని వెంటపడితే, నలభైకి దగ్గరపడ్డాక మళ్లీ ఎక్కింది. అప్పటినుంచి ఆదివారం అంటే వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండలే. ఆ గాలి, ఆ చెట్ల నీడ, దిగేటప్పుడు దుపట్టా చెవుల పక్కన పటపట కొట్టుకోవడం... వారమంతా బడిలో పిల్లల అల్లరి భరించేది దానికోసమే.

పోయిన వానాకాలం మట్టిబాట దిగుతుంటే, మలుపు దగ్గర ఎర్ర మొరం గులకల్లో పాత సైకిల్ జారింది. మోచెయ్యి పగిలింది. కట్టు విప్పి నెలలైంది గానీ భయం మాత్రం పోలేదు. ఆ దిగుడు రాగానే సైకిల్ దిగుతుంది, మేకను తోలుకుపోయినట్టు పక్కన నడిపించుకుంటూ కిందికి చేరుతుంది. కింద అశ్విని ఏమీ అనకుండా ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ ఏమీ అనకపోవడమే ఫిర్దౌస్‌కు ఎక్కువ బాధ.

"ఈ ఆదివారం ఈ సైకిళ్ల మీద గూడ దిగలేకపోతే ఇగ నేను రానే" అని అశ్వినితో ఫోన్‌లో అనేసింది. ఆ మాట మొహసిన్ చెవిన పడింది.

మొహసిన్ ఆమె భర్త. ట్రాలీ ఆటోలో నాపబండలు ఊళ్లకు చేరవేస్తాడు. అంత బరువు కింద టైరు కాస్త మెత్తగా ఉన్నా నలిగి చిరుగుతుంది. అందుకే రోజూ పొద్దున ప్రతి టైరునూ పిడికిలితో గుద్ది, చప్పుడు విన్నాకే బండి తీస్తాడు. శనివారం సాయంత్రం లావు సైకిల్ టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. లోపలికి పోయింది.

"యా అల్లా! గాలే లేదు గదా దీంట్ల!"

రెండు సైకిళ్లనూ పంక్చర్ దుకాణం భీమప్ప దగ్గరికి తీసుకుపోయాడు. భీమప్ప కూడా నొక్కి చూసి, "హైదరాబాద్‌ల ఉండేటోళ్లకు గాలి కొట్టుకునుడు గూడ రాదా?" అని ఆశ్చర్యపోయి, టంగుమనేదాకా కొట్టాడు. ఇంటికొచ్చి మొహసిన్ గొప్పగా చెప్పాడు.

"నీ సైకిల్ పక్కా చేపిచ్చిన. ఇగ ఫికర్ నక్కో, రంది పెట్టుకోకు!"

ఆదివారం పొద్దున్నే సైకిళ్లు మొహసిన్ ట్రాలీలో ఎక్కాయి. అనంతగిరి మీద ముందుగా సన్నది తీసింది ఫిర్దౌస్. తారు రోడ్డు మీద అది పిట్టలా పోయింది. మట్టి దిగుడు మొదట్లోనే చక్రం మొరంలో సర్రున జారేసరికి బ్రేకులు గట్టిగా పట్టేసింది. దిగిపోయి, వెనక్కి తోసుకొచ్చింది.

లావుది తీసింది. అది ఇంకా ఘోరం. ప్రతి రాయికీ బంతిలా ఎగిరింది. వెనక చక్రం తన్నిన ప్రతిసారీ సీటు నడుముకు కొట్టింది. మలుపు రాకముందే ముందు చక్రం పక్కకు దుమికింది. కాళ్లు కింద పెట్టేసి అక్కడే నిలబడిపోయింది.

ఎప్పట్లాగే ముందే దిగి కింద ఎదురుచూస్తున్న అశ్విని ఆయాసపడుతూ పైకి ఎక్కి వచ్చింది.

"నాతోని కాదే" అంది ఫిర్దౌస్. "ఇగ ఆదివారాలు ఇంట్ల ఉంట. బిర్యానీ వండుకుంట."

"వండు, నేను గూడ వస్త తినడానికి. గని ముందుగాల జరుగు." అశ్విని టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కింది. కొంచెం కూడా కదల్లేదు. "ఏందే ఇది? టైరా, బండా?"

పైనుంచి మొహసిన్ ఉత్సాహంగా దిగొచ్చాడు. "నేనే కొట్టిపిచ్చిన చెల్లే! మస్తు గట్టిగ!"

"వామ్మో, మొహసిన్ భాయ్! దీని మీద బండలు మోస్తరా? రాయి తగిలితే టైరు లోపలికి నొక్కుకోవాలె. వెనక షాకర్ లేదు గదా, గీ లావు టైరే షాకర్."

అశ్విని తాళంచెవి కొసతో వాల్వు నొక్కింది. బుస్సుమని గాలి పోతుంటే మొహసిన్ తన ప్రాణమే పోతున్నట్టు చూశాడు.

"చాలు, చాలమ్మా! పంక్చర్ అయితది!"

"ఇంకొంచెం." బత్తాయిపండు నొక్కితే ఎంత లొంగుతుందో అంత లొంగాక ఆపింది. వెనకదీ అంతే.

ఫిర్దౌస్ ఎక్కలేదు. మెత్తటి టైరు అంటే తోసుకుంటూ ఇంటికి నడవడమేనని చిన్నప్పటినుంచీ తెలిసినదాయె. మలుపు వైపు చూసింది. ఇప్పుడు ఎక్కకపోతే ఇంకెప్పుడూ ఎక్కనని కూడా తెలుసు. బిస్మిల్లా అనుకుని పెడల్ తొక్కింది.

మొదటి రాయికి ఒళ్లంతా బిగబట్టింది. ఆ దెబ్బ రానే లేదు. టైరు రాయిని మింగేసి ముందుకు పోయింది. ఇందాక టకటకలాడిన బాట ఇప్పుడు కరకరమంటోంది. మలుపు వచ్చింది. బ్రేకులు పట్టిన వేళ్లు తెల్లబడ్డాయి. ఒక కాలు పెడల్ మీంచి లేచింది, మళ్లీ పెట్టింది. వెడల్పాటి టైరు మొరంలో పరుచుకుని, నేలను పట్టుకుని తిరిగింది. సైకిల్‌తో పాటు ఆమె కూడా తిరిగింది. చెవుల పక్కన దుపట్టా పటపట కొట్టుకుంది.

కింద ఆగాకే వెనకనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. పిల్లకు సైకిల్ నేర్పినట్టు మొహసిన్ దిగుడంతా ఆమె వెనకే ఉరికొచ్చాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి రొప్పుతున్నాడు.

"పడితే... పట్టుకుందామని..."

పైనుంచి అశ్విని ఈలలు వేస్తోంది. ఫిర్దౌస్ గట్టిగా అరిచింది. "హరీష్‌కు చెప్పవే, సన్నది ఎవరికన్న ఇచ్చెయ్యమని!"

లావుది బరువే, రోజూ బడికి తారు రోడ్డు మీద దీన్ని తొక్కితే చెమటలు పడతాయని తెలుసు. పడనీ అనుకుంది. సైకిల్‌ను వెనక్కి తిప్పి ఎత్తు మీదికి తోయడం మొదలుపెట్టింది.

"మళ్ల ఎటు?" అన్నాడు మొహసిన్.

"పైకి. ఇంకోసారి దిగుత."

మొహసిన్ పక్కనున్న రాయి మీద కూలబడి, షర్టు గుండీ ఒకటి విప్పుకున్నాడు. "గీసారి నాతోని ఉరుకుడు కాదు. నువ్వే దిగి రా, నేను ఈడ కూసుంట."